బూమ్ లిఫ్ట్ ఎక్కే ముందు రెండు ప్రశ్నలు

కోనసీమలో ఎత్తంటే భయం తక్కువ. కొబ్బరి దింపు తీసేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి గల్ఫ్ సైట్లకో, హైదరాబాద్ గోడౌన్లకో వెళ్లే కుర్రాళ్లు అదే ధైర్యంతో బూమ్ లిఫ్ట్ ఎక్కేయొచ్చు అనుకుంటారు. అక్కడ ధైర్యం ఒక్కటే సరిపోదు.

చెట్టు ఊగితే కాళ్లకూ చేతులకూ వెంటనే తెలుస్తుంది. బూమ్ లిఫ్ట్‌లో అలా కాదు. కింద చక్రం చిన్న గుంతలో పడినా చాలు, పైన బాస్కెట్ ఒక్క కుదుపుతో మనిషిని బయటికి విసిరేయగలదు. అందుకే హార్నెస్ వేసుకుని, పొట్టి తాడుతో బాస్కెట్‌లోని కొక్కేనికే తగిలించుకోవాలి. పక్కనున్న దూలానికి కాదు.

ఈ లిఫ్టులు నడపడంలో ఐపాఫ్ అనే అంతర్జాతీయ సమాఖ్య శిక్షణకు ఇచ్చే పాల్ కార్డును చాలా దేశాల్లో గుర్తిస్తారు. ఐదేళ్లు చెల్లుతుంది. నిటారుగా లేచే సిజర్ లిఫ్ట్‌కు 3ఏ, బూమ్ లిఫ్ట్‌కు 3బీ. ఒకటి ఉంది కదా అని రెండోది నడపకూడదు.

‘నేను బీటెక్, నాకెందుకు?’ అనుకోకండి. రేపు సైట్ ఇంజినీరైతే మీ మాట మీదే మరొకరు పైకెక్కుతారు.

ఆఫర్ వచ్చినప్పుడు ఏజెంటునో, హెచ్‌ఆర్‌నో ఈ రెండూ అడగండి: ‘ఈ మెషీన్‌పై ట్రైనింగ్ ఎవరిస్తారు? పైన నేను స్పృహ తప్పితే, కింది కంట్రోల్స్‌తో దించడం ఎవరికి వచ్చు?’ ‘వెళ్లాక చూద్దాంలే’ అన్నారంటే ఆ ఉద్యోగం గురించి మళ్లీ ఆలోచించండి. జీతమెంతో అడగడానికి లేని మొహమాటం ప్రాణం గురించి అడగడానికి దేనికి?