భారలోహ సంగీతంలో కాటేదాన్ వాటా

రాక్ సంగీతం మీద మన తెలుగు సాహిత్యమిత్రులు మోపే నేరాలు ముచ్చటగా మూడు. ఒకటి, అది సంగీతం కాదు, రణగొణధ్వని. రెండు, అది మనది కాదు, పరాయి సరుకు. మూడు, అది కలవారి పిల్లలు వేసుకునే వేషం. త్యాగరాజ కీర్తన దగ్గర కన్నీరు పెట్టుకునేవారు, ఎంకిపాటలోని ఒక్క పలుకుబడి మీద పది పుటలు వ్రాయగలవారు, ఈ మూడు తీర్పులను మాత్రం విచారణ లేకుండానే చెప్పివేస్తారు. నాకూ త్యాగయ్య అంటే ప్రాణమే, ఎంకి అంటే ఇష్టమే. కానీ బ్లాక్ సాబత్, జూడాస్ ప్రీస్ట్, పింక్ ఫ్లాయిడ్ అనే మూడు బృందాలు నా జీవితంలో ఆక్రమించిన చోటును వేరెవరికీ ఖాళీ చేసి ఇవ్వదలచుకోలేదు. కనుక ఈ టపా ముద్దాయి తరఫు వకాల్తా. (చివరికి వచ్చేసరికి ఫిర్యాదీలతోపాటు ముద్దాయి పక్షంవారికి కూడా నాలుగు తగిలితే ఆశ్చర్యపోవద్దు.)

ముందుగా వకీలు చిరునామా చెప్పాలి. మాది కాటేదాన్. హైదరాబాదుకు దక్షిణపు అంచున, ఆరాంఘర్ చౌరస్తా నుండి చాంద్రాయణగుట్ట వైపు తిరిగితే తగిలే పారిశ్రామికవాడ. రోలింగు మిల్లులు, ప్లాస్టిక్కు కర్మాగారాలు, నూనె మిల్లులు, బ్యాటరీల పని, లోహాలకు పూత పూసే పని. వీటి మధ్యనే ఇళ్ళు, బడులు, గుడులు, మసీదులు. వీటన్నిటి మురికినీ మోసే నూర్ మహమ్మద్ కుంట. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మా మట్టిని పరీక్షించి 2008లో ప్రచురించిన పత్రంలో సీసం, క్రోమియం, రాగి, నికెల్, జింకు వంటివి మోతాదు మించి ఉన్నాయని తేల్చారు. శాస్త్ర పరిభాషలో వీటిని భారలోహాలు అంటారు. ఇంగ్లీషులో హెవీ మెటల్స్. అదే పేరుతో ఒక సంగీతం కూడా ఉన్నది. ఈ రెంటి చుట్టరికం పేరుతో ఆగిపోయేది కాదని నా వాదం.

ఇక మొదటి నేరం, రణగొణధ్వని.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు ఇనుపరేకుల కర్మాగారంలో పని చేసేవాడు. ఆ ఉద్యోగంలో చివరిరోజున యంత్రం అతని కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలను తెగవేసింది. అతను ఎడమచేతివాటం వాడు, గిటారు తీగలను నొక్కేది ఆ కుడిచేతి వ్రేళ్ళతోనే. ఇక గిటారు నీ వల్ల కాదన్నారు వైద్యులు. అతను ప్లాస్టిక్కు సీసాను కరగించి వ్రేళ్ళకు తొడుగులు చేసుకొని, వాటికి తోలుముక్కలు అంటించుకొని, సన్నటి తీగలు బిగించుకొని మళ్ళీ వాయించాడు. తరువాత తీగల బిగువు తగ్గించి శ్రుతిని క్రిందికి దింపాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బంలో వినవచ్చే ఆ బరువైన, నేలను ఈడ్చుకుంటూ నడిచే నాదం పుట్టుక అది. వ్రేలు తెగిన కార్మికుడు తన నొప్పికి అనువుగా వాద్యాన్ని మార్చుకున్నాడు. ఆ మార్పుకే లోకం ఒక సంగీతశాఖగా పేరు పెట్టింది.

అతని బృందంలోని గాయకుడు ఆజీ ఆస్బర్న్ కారు హారన్ల కర్మాగారంలో హారన్లను శ్రుతి చేసే పని చేశాడు. కబేళాలోనూ చేశాడు. నలుగురూ ఆస్టన్ అనే కూలీల పేటవారే. 2025 జులై 5న వారి ఆఖరి కచేరీ జరిగింది కూడా ఆ ఆస్టన్‌లోనే. మరి రెండున్నర వారాలకు, జులై 22న, ఆజీ వెళ్ళిపోయాడు. జూడాస్ ప్రీస్ట్ కూడా ఆ ప్రాంతపు ఇనుపగడ్డ నుండి వచ్చిన బృందమే. 1980లో వారు తమ ఆల్బంకు 'బ్రిటిష్ స్టీల్' అని ఒక ఉక్కు సంస్థ పేరే పెట్టుకున్నారు. అందులోని గిటారిస్టు గ్లెన్ టిప్టన్ ఒకప్పుడు ఆ సంస్థ ఉద్యోగి. కనుక వీరి పాటలో యంత్రపు మోత ఉన్నదంటే, అది పొరుగింటి నుండి వినబడినందువలన. పొలం గట్టున పుట్టిన పాటలో నీటి చప్పుడు ఉంటే మెచ్చుకొని, మిల్లు గోడ ప్రక్కన పుట్టిన పాటలో మిల్లు చప్పుడు ఉంటే చెవులు మూసుకోవడం ఏమి రసజ్ఞత?

మా నాన్నగారు ఒక రోలింగు మిల్లులో ఫిట్టరు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం ఆయన చెవులలోని సన్నటి శబ్దాలన్నిటినీ పట్టుకుపోయింది. యంత్రాల మోత వలన పోయే వినికిడి మొదట హెచ్చు స్థాయిలో, ఇంచుమించు 4000 హెర్ట్జ్ దగ్గర, పోతుంది. వేణువు పోతుంది, పిట్టల అరుపు పోతుంది, మాటల్లోని స, ష, త, ప లాంటి అక్షరాల అంచులు అరిగిపోతాయి. క్రింది స్థాయి మాత్రం చాలాకాలం మిగిలి ఉంటుంది. ఆయన ఆరాధించే ఘంటసాల చివరికి ఆయనకు ముద్దగా వినిపించేవాడు. టేప్‌రికార్డరు దగ్గర చెవి పెట్టి, మాట అందక, విసుగుతో కట్టివేసేవారు. ఒక ఆదివారం నేను సాబత్ క్యాసెట్టు పెట్టుకొని వింటుంటే గుమ్మంలో నిలబడిపోయి, “ఇదేందిరా, ఇది మంచిగ ఇనొస్తుంది!” అన్నారు. వచ్చి కూర్చొని ఒక ప్రక్క అంతా విన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, పాట అర్థం తెలియదు. మిల్లు తీసుకుపోగా మిగిలిన చెవికి అందే సంగీతం ఒకటి ఉన్నదని మాత్రం తెలిసింది. రణగొణధ్వని అనే మాట వినినప్పుడల్లా నాకు కోపం వచ్చేది అందుకే. ఆ మాట అనేవారికి చెవులు పూర్తిగా ఉన్నాయి!

రెండవ నేరం, పరాయిది.

ఈ అభియోగం వేసేవారు సాధారణంగా వయొలిన్ కచేరీ విని ఇంటికి వచ్చి వేస్తారు. వయొలిన్ ఏ నది ఒడ్డున పుట్టింది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవారి దగ్గర ఆ వాద్యం నేర్చి మన సంగీతంలోకి తెచ్చాడు. నూరేళ్ళు దాటేసరికి ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది విజయనగరపు సొత్తయింది. మన పద్యనాటకానికి ప్రాణమైన హార్మోనియం ఐరోపా నుండి దిగినదే. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద త్యాగరాజ కృతులు వాయిస్తే ‘అపచారం’ అన్నవారే తరువాత సభలలో ముందువరుసలో కూర్చున్నారు. ఆ శ్రీనివాసే మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపకుడైన జాన్ మెక్‌లాఫ్లిన్ ప్రక్కన కూర్చొని లోకమంతా వాయించాడు. వాద్యానికి పుట్టిల్లు ఉంటుంది గాని అది మెట్టినింట్లో కాపురం చేయగలదు. చేయించుకునే ఓపిక ఆ ఇంటివారికి ఉండాలి.

ఇక్కడ కొందరు మిత్రులు కొంచెం శాస్త్రీయంగా వాదిస్తారు. తెలుగు అజంతభాష, ప్రతి మాటా అచ్చుతో జారిపోతుంది, రాక్‌కు కావలసిన హల్లుల దెబ్బ ఇందులో లేదు అని. మన భాషను ‘ప్రాచ్య ఇటాలియన్’ అని మురిపెంగా పిలుచుకుంటాము కదా! ఆ అసలు ఇటాలియన్ కూడా అజంతమే. ప్రెమియాతా ఫోర్నెరియా మార్కోనీ అనే బృందం 1972లోనే ఆ భాషలో రాక్ ఆల్బం తెచ్చింది. ఇక హల్లుల దెబ్బ అంటారా, డప్పు, దెబ్బ, ఉక్కు, గుక్క, మిట్ట, కుంట అనే మాటలను ఒక్కసారి పైకి అని చూడండి. మా వైపు మాట్లాడేటప్పుడు ‘వచ్చిండ్రు, పోయిండ్రు’ అంటూ అచ్చులను మధ్యలోనే మింగివేస్తాము. మహాప్రస్థానం చదివినవారెవరూ తెలుగుకు కవాతు చేయడం రాదని అనలేరు. చేతకానిది భాషకు కాదు.

చుట్టుప్రక్కల చూడండి. కలకత్తాలో మొహీనేర్ ఘోరాగులి బృందం 1975లోనే బెంగాలీలో మొదలుపెట్టింది. మలయాళంలో అవియల్ బృందం 2008లో తమ జానపదాలను విద్యుత్ గిటారుతో కలిపి ఆల్బం చేసింది. చెన్నైలో 2018 జనవరిలో మొదటిసారి వేదికనెక్కిన ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ గానా పాటనూ ర్యాప్‌నూ రాక్‌నూ కలిపి కులం గురించి సూటిగా పాడింది. మనం ఏం చేస్తున్నాము? సినిమాలో పోరాట ఘట్టం రాగానే గిటారు గుర్రుమంటుంది, ప్రతినాయకుడు పడగానే ఆగిపోతుంది. ఆ వాద్యానికి మనం ఇచ్చిన ఉద్యోగం అది!

ఇక మూడవ నేరం, కలవారి వేషం. ఇక్కడ నేను కొంత తగ్గుతాను, తగ్గి నావారి వైపు తిరుగుతాను.

2007 మార్చి 17న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ కచేరీ. ఇక్కడి నుండి రాత్రి బస్సెక్కి వెళ్ళినవారిలో నేనూ ఒకణ్ణి. బస్సులో నల్ల చొక్కాల సోదరులు ప్రతి పాటనూ ప్రతి ఒంటిగిటారు ఘట్టాన్నీ నోటితో అప్పజెప్పగలరు. ఒకరు నా ఊరు అడిగారు. కాటేదాన్ అన్నాను. “ఆ వాసన వచ్చే చోటా?” అని నవ్వారు. నా ప్రక్కనున్న ఆ యువకుని చొక్కా మీద ఉన్నది 'బ్రిటిష్ స్టీల్' అట్ట మీది బ్లేడు బొమ్మ! బర్మింగ్‌హామ్ పొగ కవిత్వం, కాటేదాన్ పొగ కంపు. దూరంగా ఉన్న కార్మికుని మీద ఉన్న ఈ ప్రేమ, దగ్గరి కార్మికుని దగ్గర ఎందుకు ముక్కు మూసుకుంటుంది? హైదరాబాదులో రాక్ దశాబ్దాలుగా ఉన్నది. కళాశాలల పోటీలలో, పబ్బులలో, ఇంగ్లీషులోనే ఉన్నది. నగరంలో ఎవరి బాధ గురించీ కాని బాధను, ఎవరి మీదా కాని కోపాన్ని చక్కటి ఉచ్చారణతో పాడుతూ ఉన్నది.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరుచుకుంది. మరుసటి ఏడు మెహదీపట్నం నుండి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. ఇప్పుడు విమానాశ్రయం దగ్గర పెద్ద కచేరీలకు జి.ఎం.ఆర్. అరీనా కూడా ఉన్నది. 2024 నవంబరు 15న దిల్జీత్ దోసాంజ్ అక్కడ పాడేముందు, మద్యాన్ని, మత్తుమందులను పొగిడే పాటలు పాడరాదని అధికారులు నోటీసు ఇచ్చారు. పాటలోని మాటలను అంత జాగ్రత్తగా కొలిచే ప్రభుత్వాలు మట్టిలోని సీసాన్ని కూడా అంతే శ్రద్ధగా కొలిస్తే బాగుండును. సరే, ప్రభుత్వాల సంగతి వదిలేద్దాం. కచేరీకి పోయే కార్లు ఆరాంఘర్ దగ్గర వంతెన దిగి తిన్నగా సాగిపోతాయి. ఎడమకు తిరిగితే మా ఊరు. ఎవరూ తిరగరు. తిరగవలసిన పని కూడా మన సంగీతం వారికి కల్పించలేదు.

అసలు ముద్దాయి రాక్ కాదు, మన పాటకు సినిమా తప్ప వేరొక ఇల్లు లేకపోవడం. హైదరాబాదు చౌరస్తా బృందం ‘ఊరెళ్ళిపోతా మామా’ అని నగరంలో చిక్కుకున్నవాని గోడును సినిమా లేకుండానే పాడింది, జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ గొంతు రామ్ మిర్యాలది. 2021లో జాతిరత్నాలు, 2022లో డీజే టిల్లు. ఇప్పుడు ఆయనను ఎక్కువమందికి పరిచయం చేసేవి ఆ సినిమాలే. ఆయనను నిందించను, బ్రతుకుతెరువు ఎవరికైనా బ్రతుకుతెరువే. ఇంట్లో అన్నం దొరకనందువల్లనే కదా పొరుగింటికి వెళ్ళవలసి వచ్చింది! 2023 ఆగస్టు 6న కన్నుమూసిన గద్దర్ మాత్రం ఒక గొంగడి, ఒక డప్పు, కాలిగజ్జెతో వేలమందిని నిలబెట్టి సినిమాహాలు అక్కరలేదని చూపించాడు. ఆయన రాజకీయాలతో మీకు పేచీ ఉంటే ఉండవచ్చు. కానీ డప్పు మీద పడే ఆ దరువును, అయోమీ గిటారు మీద పడే ఆ దరువును ఒకదాని వెంట ఒకటి విని, ఈ రెండూ పరాయివాళ్ళని చెప్పండి చూద్దాం.

ఒక ఆక్షేపణ మిగిలింది, న్యాయమైనది. నేటి కాటేదాన్ షెడ్లలో పని చేసేవారిలో చాలామంది బీహారు నుండి, ఒడిశా నుండి వచ్చినవారు. వారి ఫోన్లలో మ్రోగేది భోజ్‌పురి పాట. తెలుగు రాక్ వారికెందుకు? వారికి అక్కరలేకపోవచ్చు. కానీ వారి ప్రక్కన, అదే గాలి పీలుస్తూ, ఆ గాలి గురించి ఒక్క పాట కూడా లేని భాషలో మాట్లాడుతున్నది మనము. లోటు మనది.

కనుక మిత్రులారా, మీలో ఛందస్సు తెలిసినవారున్నారు, వచనకవితలో చేయి తిరిగినవారున్నారు, పేరడీలతో చంపేవారున్నారు. మా వీధిలో మూతబడిన ఒక షెడ్డు షట్టరు క్రింద ముగ్గురు కుర్రవాళ్ళు ప్రతి ఆదివారం సాధన చేస్తారు. ఒక గిటారు, ఒక బేసు గిటారు, అరువు తెచ్చిన డ్రమ్ములు. వాయించడం వచ్చును, మాటలు లేవు. గత్యంతరం లేక సాబత్ 'వార్ పిగ్స్' పాడుతున్నారు, బాగానే పాడుతున్నారు. వారికి నూర్ మహమ్మద్ కుంట మీద మూడు చరణాలు కావాలి. ప్రాస ఉంటే మంచిది, లేకపోయినా ఫరవాలేదు. ద్విత్వాక్షరాలు దండిగా ఉండాలి. పాట ఆరు నిమిషాలు మించరాదు, ఏడున్నరకు కరెంటు పోతుంది. వ్రాసి పంపేవారెవరు?