ముసుగు లేని వేషాలు

దయ్యాల సినిమాలంటే నాకు మొదటినుండీ చిన్నచూపే. భయానకానికి భయము స్థాయీభావమనీ, బీభత్సానికి జుగుప్స స్థాయీభావమనీ ముప్పైయేళ్ళపాటు పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణే గాని, వెండితెర మీద నన్ను నిజంగా భయపెట్టినది ఒక్కటీ కనబడలేదు. తెల్లచీర, విరబోసిన జుట్టు, కిర్రుమనే తలుపు, చివరకొక మాంత్రికుడు, నాలుగు నిమ్మకాయలు. విరుగుడు ఉన్నదని ముందే తెలిసిన భయం సగం భయమే గదా!

ఆ అభిప్రాయం న్యూజెర్సీలో మారింది. కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి ఇంట్లో ఉండగా అక్టోబరు 31 వచ్చింది. వారికది హాలోవీన్. వీధి పొడుగునా గుమ్మాల ముందు కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయలు. (మనం దిష్టికి బూడిద గుమ్మడికాయను వేలాడదీస్తాం, వారు గుమ్మడికాయకు మొహమే చెక్కుతారు. ఐర్లండులో టర్నిప్ దుంపలకు చెక్కేవారట. అమెరికా చేరాక గుమ్మడికాయ దొరికింది.) చీకటి పడగానే పిల్లలు వేషాలు వేసుకుని తలుపులు తట్టి మిఠాయిలు పట్టుకుపోయారు. ఒక అస్థిపంజరం "థాంక్యూ తాతగారూ" అని తెలుగులో అని మరీ వెళ్ళింది. ఎదురింటి గుంటూరువారి పిల్లవాడు!

సందడి సద్దుమణిగాక మా మనుమడు "తాతయ్యా, దయ్యాలొద్దు, సైన్స్ ఫిక్షన్ హారర్ చూద్దాం" అన్నాడు. దయ్యాల పండుగనాడు విజ్ఞానశాస్త్రమేమిటన్నాను. వాడు నవ్వి, 1938 అక్టోబరు 30 రాత్రి ఆర్సన్ వెల్స్ రేడియోలో అంగారకులు దిగినట్లుగా వార్తల బాణీలో వినిపించిన నాటకం సంగతి చెప్పాడు. వారు దిగిన చోటు న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే ఊరేనట. సరే, ఈ పండుగకూ ఆ కథలకూ చుట్టరికం పాతదే అని ఒప్పుకున్నాను.

వాడు పెట్టినది 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్'. 1956 నాటిది, డాన్ సీగెల్ దర్శకుడు, నలుపు తెలుపుల చిత్రం. కాలిఫోర్నియాలో సాంటా మీరా అనే చిన్న ఊరు. ఊరి వైద్యుని వద్దకు ఒక పిల్లవాణ్ణి తెస్తారు. ఇంట్లో ఉన్నది మా అమ్మ కాదని వాడి గోల. ఒకావిడ తన మామయ్య మామయ్య కాడంటుంది. రూపం అదే, గొంతు అదే, పాత జ్ఞాపకాలన్నీ అవే. ఆ కళ్ళలో ఉండే ఆపేక్ష మాత్రం లేదు. అంతరిక్షం నుండి వచ్చి పడిన విత్తనాలు పెద్ద పెద్ద కాయలు కాచి, మనుషులు నిద్రపోయినప్పుడు వారి ప్రతిరూపాలను పుట్టిస్తున్నాయన్నమాట. వైద్యుని మిత్రుని అరచేతికి గాయమైతే, ప్రతిరూపం అరచేతిలోనూ ఆ గాయం పుడుతుంది.

ఇది కమ్యూనిస్టుల భయమని కొందరు, కమ్యూనిస్టులను వేటాడినవారి భయమని కొందరు వ్రాశారు. రెండూ పొసగుతాయి. నాకు మాత్రం ఆ పిల్లవాడి మాట దగ్గరే మనసు ఆగిపోయింది. ఇంతవరకు ఎక్కడా వ్రాయని సంగతి ఇక్కడ వ్రాయవలసి వస్తున్నది.

మా అమ్మ చివరి రెండేళ్ళూ మతి తప్పిన స్థితిలో గడిపింది. ఒకనాటి సాయంత్రం కాఫీ ఇవ్వబోతే నన్ను ఎగాదిగా చూసి, "మీరెవరో మా అబ్బాయి పోలికే బాబూ. కాని మావాడు కారు. మావాడింకా బడినుండి రాలేదు" అన్నది. నన్ను 'మీరు' అనడం అదే మొదలు. చిన్నప్పుడు జామచెట్టు మీదినుండి పడితే మోచేతికైన మచ్చ చూపించాను. అమ్మ దానిని వేలితో తడిమి, "మచ్చ కూడా పెట్టుకొచ్చారు" అని జంకుతూ గోడవైపు జరిగింది. ఇటువంటి భ్రమను 1923లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు కాప్‌గ్రా పేరిట ఒక వ్యవహారమున్నదని తరువాత తెలిసింది. పేరు తెలిసినంత మాత్రాన ఏమి ఒరిగింది?

చూసేవారందరూ ఆ వైద్యుని పక్షాన కూర్చుని భయపడతారు. నేను కాయలోనుండి పుట్టినవాడి పక్షాన కూర్చుని చూశాను.

మన కావ్యాలలోనూ ఈ ఘట్టమున్నది. దమయంతీ స్వయంవరంలో నలుడి రూపంతో నలుగురు దేవతలు కూర్చుంటారు. శ్రీనాథుడు 'శృంగార నైషధం'లో ఆ చిక్కును శ్లేషతో ఎంత ముడి వేశాడో పాఠం చెప్పినవారికే తెలుస్తుంది. భారతకథలో దమయంతి చివరకు గుర్తుపట్టినది వేటిని బట్టి? దేవతలకు రెప్పపాటు లేదు, చెమట లేదు, పాదాలు నేల తాకవు, మెడలో మాల వాడదు. చెమట పట్టినవాడు, మాల వాడినవాడు మనిషి. ఆమెకు గుర్తులు దొరికాయి. మా అమ్మకు దొరకలేదు.

అందుకే మరునాడు చూసిన 'ది థింగ్' (1982, జాన్ కార్పెంటర్) నన్ను మరింత పట్టుకున్నది. దక్షిణ ధ్రువఖండంలో మంచు నడుమ పన్నెండుగురు. ఎవరి రూపమైనా ధరించగల జీవి వారిలో చేరింది. ఇక్కడా ఒక పరీక్ష: ఒక్కొక్కరి నెత్తురు పళ్ళెంలో తీసి, కాల్చిన తీగ ముంచుతారు, ఆ జీవి నెత్తురైతే వేడికి తప్పించుకోజూస్తుంది. అంతకు ముందే అనుమానంతో ఒకడిని కాల్చి చంపారు. పరీక్షలో వాడి నెత్తురు మామూలుగానే ఉంటుంది. వాడు మనిషే! ఆ క్షణం మీద కార్పెంటర్ ఎక్కువసేపు నిలవడు. నిలవకపోవడమే భయంకరం. రబ్బరు పేగులూ, సాలీడు కాళ్ళతో నడిచే తలకాయా జనానికి జ్ఞాపకముంటాయి. అవి బీభత్సం, భయానకం కాదు. విడుదలైన వేసవిలో ఆదరించినవారు తక్కువ. రెండు వారాల ముందే 'ఇ.టి.' వచ్చి ఆకాశంనుండి దిగేవాడు ముద్దొచ్చేవాడని జనానికి నచ్చజెప్పిందాయె.

'ఏలియన్' (1979) గొప్పదే గాని, అందులో నన్ను కలవరపెట్టినది జంతువు కాదు. సహోద్యోగిగా మెసలిన ఆష్ యంత్రమనీ, సిబ్బంది పోయినా సరే ఆ జంతువును తెమ్మని కంపెనీ ఆజ్ఞ ఉన్నదనీ తేలే ఘట్టం. 'ది ఫ్లై' (1986) ఈ వరుసకు తలక్రిందులు: అతడు అతడేనని ప్రియురాలికి తెలుసు, రూపమే ఈగగా మారిపోతున్నది.

ఒక్క ఫిర్యాదు ఉన్నది. 1956 చిత్రాన్ని నాయకుడు రహదారి మీద కార్ల మధ్య అరుస్తూ పరుగెత్తడంతో ముగించాలని సీగెల్ ఉద్దేశం. స్టూడియోవారు జంకి, ఆసుపత్రిలో వైద్యులు నమ్మి ఎఫ్.బి.ఐ.కి ఫోను చేయించే ముక్కను చివర అతికించారు. అది నా దృష్టిలో నిమ్మకాయలు కోయడమే. మా మనుమడు సరిగ్గా అక్కడికి రాగానే ఆపేశాడు. మీరూ అలాగే చేయండి. 1978లో ఫిలిప్ కాఫ్‌మన్ సాన్‌ఫ్రాన్సిస్కోలో మళ్ళీ తీసినదానిలో ఈ ఊరడింపు లేదు.

'ది ఫ్లై' మాత్రం భోజనం చేసి కూర్చుని చూడకండి. నేను చూశాను.