‘ఏముందా పనిలో’ అన్నవారికి

మొన్న ఒక సీమంతంలో భోజనాల దగ్గర మా బాబాయి మా పిన్ని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని హితబోధ చేశాడు. “ఎంతొస్తుందమ్మా నీకు? పదహారు వేలా? ఆ ఆఫీసు అడ్మిన్ పనిలో ఏముంది, ఎవరైనా చేస్తారు. అమీర్‌పేటలో మూడు నెలలు ఏదన్నా సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యి. అది కాదంటావా, ఓపిగ్గా ఉండు. నమ్మకంగా పనిచేస్తే వాళ్లే పైకి తెస్తారు.” చెల్లి తలూపింది. నలుగురిలో పెద్దాయనకి ఎదురు చెప్పడం బాగుండదని నేనూ ఊరుకున్నాను. ఊరుకున్నందుకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రెండు నిమిషాల మాటల్లో నిజం ఒక్కటే: జీతం పదహారు వేలు.

‘ఎవరైనా చేస్తారు’ అన్నదగ్గర మొదలుపెడతాను. చెల్లి బాలానగర్‌లో పంపుల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేస్తుంది. పొద్దున తాళం తీసేది, కొరియర్ అందుకునేది, పెట్టీ క్యాష్ వోచర్లు రాసేది, ఏసీ మెకానిక్ వెంట పడేది తనే. బాబాయికి కనిపించేది ఇంతవరకే. కనిపించనిది క్యాలెండర్‌లో ఉంది. 7వ తేదీలోగా టీడీఎస్ కట్టాలి. 11లోగా అమ్మకాల వివరాలు జీఎస్టీఆర్-1లో ఎక్కాలి. 15లోగా పీఎఫ్, ఈఎస్‌ఐ. 20లోగా జీఎస్టీఆర్-3బీ రిటర్ను. వీటి మధ్య 14న 2బీ వస్తుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు తమ బిల్లుల్ని ప్రభుత్వానికి చూపించారో లేదో చెప్పే జాబితా అది. చెల్లి తన దగ్గరున్న బిల్లుల్ని ఒక్కొక్కటే దాంతో సరిచూస్తుంది. తేడా వస్తే ఫోన్లు మొదలు: “సార్, మీ బిల్లు టూ-బీలో కనపడట్లేదు, ఒకసారి చూడండి సార్.” అవతలి వాడు విసుక్కుంటాడు, రేపంటాడు, ఫోన్ ఎత్తడు. చెల్లి మళ్లీ చేస్తుంది.

లక్ష రూపాయల సరుకు మీద 18 శాతం పన్నంటే పద్దెనిమిది వేలు. ఆ ఒక్క బిల్లు 2బీలో లేకపోతే కొన్నప్పుడు కట్టిన ఆ పన్నును తగ్గించుకునే క్రెడిట్ ఆ నెల ఓనరు చేతికి రాదు. వెంటపడి ఎక్కించేవాళ్లు లేకపోతే ఎప్పటికీ రాదు. అంటే మా చెల్లి పట్టుకునే ఒక్క బిల్లు ఆమె నెల జీతం కంటే పెద్దది. ఎవరైనా చేస్తారా? బాబాయిని ఒక్క నెల కూర్చోమనండి చూద్దాం.

మరి అంత విలువైన పనికి జీతం ఎందుకు తక్కువ? ఆ పనికి పేరు లేదు గనక. రిటర్ను ఫైల్ చేసేది ఆడిటర్ గారి ఆఫీసు. ఓటీపీ చెప్పేది ఓనరు. మధ్యలో సరిచూసిన మనిషి ఏ కాగితం మీదా ఉండదు. అడ్మిన్ అనేది ఒక గోనెసంచి. ఎవరికీ చెందని పనులన్నీ అందులో వేస్తారు, టీ కప్పుల పక్కనే టీడీఎస్ చలాన్లు కూడా. తూకం వేసేటప్పుడు మాత్రం టీ కప్పుల రేటే కడతారు. నైపుణ్యం లేక జీతం తక్కువ అనేవాళ్లు సంచి విప్పి చూడని వాళ్లు.

ఇక అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఫ్లెక్సీల మీద ఉన్న కోర్సులన్నీ మోసమని నేననను. అక్కడ నేర్చుకుని బాగుపడ్డవాళ్లు నాకూ తెలుసు. కానీ ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి ఆరేళ్ల పనిని పక్కన పడేసి, మూడు నెలల పైథాన్‌తో వెళ్లి ఎవరి పక్కన నిలబడాలి? ఏటా కాలేజీలు వదిలే బీటెక్ పిల్లల పక్కన. ఇక్కడ ఆరేళ్లు తెలిసిన మనిషి, అక్కడ ఏమీ తెలియని మనిషి అవుతుంది. ఎక్సెల్‌లో పివట్, వీ-లుకప్ గట్టిగా నేర్చుకోమంటే ఒప్పుకుంటాను. టాలీలో ఎంట్రీలు కొట్టడంతో ఆగకుండా బ్యాంకు లెక్కలు కలపడం నేర్చుకోమన్నా ఒప్పుకుంటాను. అవి ఉన్న పని మీద ఇంకో అంతస్తు వేస్తాయి. ఇంటిని కూల్చి వేరే ఊళ్లో పునాది తవ్వమనడం సలహా కాదు.

నాదీ అదే సంచి. రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ డీలరు దగ్గర ఆఫీస్ అసిస్టెంట్‌గా చేశాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటిదాకా వ్యాట్ లెక్కల్లో పండిపోయిన పెద్ద అకౌంటెంట్ గారు, ఆడిటర్ గారి గుమస్తా, మా ఓనరు, నేను, నలుగురం ఒకే రోజున ఒకటో తరగతిలో చేరాం. బిల్లులున్నది మాత్రం నా టేబుల్ మీద. పోర్టల్ మొరాయించిన రాత్రుళ్లు కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. రెండేళ్లు పోయాక, నా హోదా ‘అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్’ అని మార్చి ఒక లెటర్ ఇమ్మని అడిగాను. జీతం మాట కూడా ఎత్తలేదు. “నువ్వు లేకపోతే ఈ ఆఫీసు నడవదమ్మా” అని ఓనరు స్వీటు డబ్బా చేతిలో పెట్టారు. లెటర్ రాలేదు. మూడు నెలలకి అదే జీతానికి ఒక ఆడిటర్ ఆఫీసులో చేరాను. ఇంట్లో అందరూ పిచ్చిదాన్నన్నారు. అక్కడ నేను చేసే పనికి పేరుంది. ఆ పేరుతో తర్వాతి ఉద్యోగానికి వెళ్తే, జీతం రెట్టింపు అడగడానికి నోరు పెగిలింది.

ఓపిక సంగతి ఆ స్వీటు డబ్బాలోనే తేలిపోయింది. బాగా చేసేవాళ్లని పైకి పంపితే కింద ఖాళీ అవుతుంది. అందుకే పొగుడుతారు, కదపరు. బాబాయి అబద్ధం చెప్పాడని కాదు, ఆయన తన జీవితం చెప్పాడు. ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, సీనియర్ అసిస్టెంటై, సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాడు. అది ఓపిక ఫలమని ఆయన నమ్మకం. కానీ అక్కడ సీనియారిటీ జాబితా ఉంది, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు ఉన్నాయి. అకౌంట్ టెస్ట్ పాసైన ఏడాది ఇంట్లోవాళ్లు వీధంతా లడ్డూలు పంచారు. నిచ్చెన ఎవరో వేసిపెట్టారు, ఆయన ఎక్కాడు. ఇప్పుడు అదే ఆఫీసుకు వెళ్లి చూడమనండి. ఆయన కుర్చీ పక్కనే ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటరు ఉంటాడు. వాడికి జాబితా లేదు, టెస్టూ లేదు. తాత్కాలికంగా చేరినవాళ్లు ఎన్నేళ్లు చేసినా పర్మనెంట్ చేయమనడం హక్కు కాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమాన పనికి సమాన వేతనం వాళ్లకీ వర్తిస్తుందని 2016లో అదే కోర్టు అంది. ఆ తీర్పు పట్టుకుని కోర్టుకెక్కే స్తోమత పదహారు వేల వాడికి ఎక్కడిది?

మళ్లీ చెల్లి దగ్గరికొద్దాం. ఇంగ్లీషు రాకపోతే కొన్ని తలుపులు మూసుకుంటాయి, కాదనను. డిగ్రీ సంగతీ అంతే. చెల్లికి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ బీకాం ఉంది. దాన్ని ఇన్నాళ్లూ తక్కువగా చూసుకుంది. జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావడానికి కామర్స్ డిగ్రీ సరిపోతుంది. అది ఇష్టం లేకపోతే పేరోల్ ఉంది, కొనుగోళ్లు ఉన్నాయి. సంచిలోంచి పేరున్న పని ఒకటి బయటికి తీసి చేత్తో పట్టుకోవాలి.

నిన్న రాత్రి నేనూ చెల్లీ కూర్చుని దాని బయోడేటా తిరగరాశాం. ‘ఆఫీసు పనులు చూసుకొనుట’ అన్న వాక్యం కొట్టేసి, నెలకి ఎన్ని బిల్లులు సరిచూస్తుందో, ఎంతమంది పీఎఫ్ కడుతుందో అంకెలతో రాశాం. ముందు ఉన్నచోటే హోదా లెటర్ అడిగి చూస్తానంది. “ఈ నెల పని ఒత్తిడి తగ్గాక, 20 దాటాక అడుగుతానక్కా” అంది.

20 దాటాక వద్దు, 14న అడగమన్నాను.