మిర్చి రేటుకు మూడు ఫోన్లు చేస్తాం, ఫార్వర్డుకు ఒక్కటీ చెయ్యం

ఫిబ్రవరిలో కళ్లంలో కాయ ఆరబోసుకున్న రైతుని చూడండి. గుంటూరు యార్డులో తేజ ఇంత పలికిందని వాట్సాప్‌లో వస్తే ఎంటనే నమ్మడు. కమీషన్ కొట్టుకి ఒక ఫోను, మొన్న లోడు తోలుకుపోయిన బావమరిదికి ఇంకో ఫోను. "ఏసీ సరుకా, కొత్త కాయా? తాలుకెంత?" అని అడిగి గానీ టిక్కీలు కట్టడు. అదే మనిషి రాత్రి మంచం మీద పడుకుని, ఎవడు తీశాడో తెలియని రాజకీయ వీడియోని నాలుగు గ్రూపుల్లోకి తోస్తాడు. నేనూ తోశాను, ఇంకొకళ్లని అనే పని లేదు.

రేటు అబద్ధమైతే జేబుకి చిల్లు. రాజకీయం అబద్ధమైతే మనకేం పోయిందిలే అనుకుంటాం. పల్నాడులో ఏం పోయిందో 2024 మే నెలలో చూశాం గదా.

మే 13న పోలింగ్. ఆ రోజూ, ఆ తర్వాతా జరిగిన గొడవలకి 144 సెక్షన్ పెట్టారు, ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి కలెక్టర్ని బదిలీ చేసింది. మాచర్ల నియోజకవర్గం పాల్వాయిగేటు బూత్‌లో అప్పటి ఎమ్మెల్యే ఈవీఎంని నేలకేసి కొట్టిన దృశ్యం బూత్ లోపలి కెమెరాలో పడింది. జనం ఫోన్లలోకి అది వచ్చేసరికి వారం దాటింది. ఆ వారమంతా మనూళ్లలో ఏం నడిచింది? ఒక పార్టీ గ్రూపులో ఒక కథ, రెండో పార్టీ గ్రూపులో ఇంకో కథ. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లవాళ్లు రెండు వేరే ఊళ్లలో ఉన్నట్టు మాట్లాడుకున్నారు. సరే, వీడియో వచ్చాక అయినా మాట ఒకటైందా అంటే కాలేదు. ఇదిగో సాక్ష్యం అన్నారు ఒకళ్లు. అసలిది బయటికెట్టా వచ్చింది, ముందూ వెనకా జరిగింది ఎందుకు చూపించరు అన్నారు రెండోవాళ్లు. కంటితో చూసినదాన్ని కూడా ఎవరి గ్రూపు చెప్పినట్టు వాళ్లు చూశారు. నన్ను భయపెట్టింది అది.

పాతకాలం బంగారమని చెప్పను. టీ బంకు కాడ పేపర్లకీ పార్టీ రంగు ఉండేది. కాకపోతే ఆ రంగేందో బల్ల మీద కూర్చున్న అందరికీ తెలుసు, అందరూ చదివేదీ ఆ ఒక్క పేపరే. తిట్టుకున్నా ఒకే వార్త మీద తిట్టుకునేవాళ్లు. 2016 సెప్టెంబర్లో జియో వచ్చి డేటా చౌకయ్యాక, ఎవడి పేపరు వాడి జేబులోకి పోయింది. యూట్యూబ్‌కి మన పార్టీతో పని లేదు. మనం ఎంతసేపు చూస్తే దానికంత ప్రకటనల డబ్బు. కోపం తెప్పించే వీడియోని చివరిదాకా చూస్తామని దానికి తెలుసు, కాబట్టి అట్టాంటిదే ఇంకోటి కింద పెడుతుంది. పది రోజులు అట్టా చూస్తే, లోకమంతా మనమనుకున్నట్టే అనుకుంటోందని మనకి అనిపిస్తుంది.

వాట్సాప్ ఇంకో రకం. అందులో మాట యాడ పుట్టిందో ఎవరికీ కనపడదు, పంపింది మాత్రం మన మేనమామో, క్లాస్‌మేటో. నమ్మేది వీడియోని కాదు, మేనమామని. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇట్టాగే పాకింది. తెలంగాణలో బీబీనగర్ కాడ అమాయకుణ్ని కొట్టి చంపారు. అప్పుడు గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లని ఊళ్లకి పంపి, డప్పు కొట్టించి, పాట కట్టించి ఆ పుకారు అబద్ధమని చెప్పించారు. ఫోన్లో వచ్చినదాన్ని మనిషి ముఖాముఖి నిలబడి కాదంటేనే జనం విన్నారు. అదే ఏడు జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక్కసారికి అయిదు చాట్లకే ఫార్వర్డు అని హద్దు పెట్టింది. హద్దుకేముంది, అయిదుగురు తలా అయిదుగురికి పంపితే ఇరవై అయిదు.

అన్నీ పచ్చి అబద్ధాలే రానక్కర్లేదు. నిజాన్ని సగానికి కోసినా చాలు. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించింది. మా గ్రూపుల్లో ఆ అంకె ఒక్కటే తిరిగింది. సర్కారు కాయ కొంటుందని కొందరు సంబరపడ్డారు, అది మావాడి ఘనత అని ఇంకొందరు కొట్లాడారు. అది కొనటం కాదు, రేటు అంతకన్నా తగ్గితే తేడా ఇచ్చే పథకమనీ, అదీ 2.43 లక్షల టన్నులకేననీ ఎవరూ పంపలేదు. తేడా అనే చిన్న మాట లేకపోతే అర్థమే మారిపోద్ది.

ఇప్పుడు ఇంకోటి మొదలైంది. పిడుగురాళ్లకి దగ్గర్లోనే కారంపూడి. బ్రహ్మనాయుడు కులం చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే నేల ఇది. మొన్న కార్తీకంలో వీరుల తిరనాళ్లప్పుడు నా ఫోన్లో వచ్చిన రీల్స్ చూశాను. ఫలానా వీరుడు మా కులపోడంటే మా కులపోడని, కింద కామెంట్లలో అమ్మానాన్నల్ని తిట్టుకుంటున్నారు. ఆ తిట్లలో ఒకటి నాతోపాటు పదో తరగతి చదివినవాడిది. మా ఇంట్లో మా అమ్మ పెట్టిన అన్నం తిన్నవాడు. పొద్దున్నే ఫోన్ చేశాను. "ఊరికే పెట్టాలేరా, నువ్వు సీరియస్‌గా తీసుకోమాక" అన్నాడు. తీసెయ్యమన్నా. "తీస్తే మనోళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు.

నేను వాడి మనోళ్లలో ఉన్నానో లేదో అడగలేకపోయాను.