భూమి చేతికి వచ్చిన తరువాత

వర్షాలు మొదలు కాగానే విద్యాలయాలలో వనమహోత్సవం జరుపుకోవడం మన దేశంలో 1950 నుండి వస్తున్న ఆచారం. నాటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ దీనికి శ్రీకారం చుట్టారు. ఆశయం ఉదాత్తమైనదే. అయినను, నిరుడు తవ్విన గుంటలోనే ఈ యేడు మరొక మొక్కను నాటి, దాని ప్రక్కన నిలబడి ఛాయాచిత్రం తీయించుకోవడం చాలాచోట్ల కానవచ్చే దృశ్యం. మొదటి మొక్క ఏమైనదని అడిగేవారుండరు. వైశాఖమాసపు ఎండలో నీరు లేక అది ఎండిపోయిందని అందరికీ తెలుసు. ఆ మాసంలో మనమంతా పరీక్షలు ముగించుకొని ఇళ్లకు వెళ్లి ఉంటాము.

నేటి యువతకు స్వచ్ఛందసేవ పట్ల శ్రద్ధ లేదనే విమర్శతో నేను ఏకీభవించను. శ్రద్ధ ఉన్నది. అయితే సేవ చేసే వేళను మన వీలును బట్టి నిర్ణయించుకుంటున్నాము గాని భూమి అవసరాన్ని బట్టి కాదు. పదిమందికీ చెందిన భూమి విషయంలో ఈ లోపం ఎంతటి ప్రాధాన్యం గలదో చెప్పడానికి, సముద్రాల కావల జరిగినదే అయినా మన తెలంగాణ గడ్డతో చుట్టరికం గల ఒక ప్రయోగాన్ని పాఠకుల ముందు ఉంచదలచాను.

ఆ చుట్టరికం పోచంపల్లిలో మొదలైంది. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగిసిన పిమ్మట పాదయాత్ర సాగిస్తూ ఆచార్య వినోబా భావే 1951 ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లాలోని ఆ గ్రామానికి చేరారు. భూమిలేని నలభై దళిత కుటుంబాల వారు తమకు ఎనభై ఎకరాలు కావాలనీ, అందులో సగం తరి, సగం ఖుష్కీ అయితే చాలుననీ విన్నవించుకున్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లు పుట్టింది. మరుసటి యేడు ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోఠ్ గ్రామస్థులు తమ భూములను మొత్తం గ్రామానికే సమర్పించడంతో అది గ్రామదానంగా రూపుదాల్చింది. ఊరి భూమి ఊరందరిదై ఉండాలి, సాగుచేసేవానికి సాగుహక్కు ఉండాలి, బయటివారికి అమ్ముకొనే వీలు మాత్రం ఉండరాదు అన్నది దాని సారం. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో ఇందుకొక చట్టం కూడా వచ్చింది. దానంగా వచ్చిన భూమిలో ఎంతో భాగం రాళ్లతోను, తగాదాలతోను నిండినదై పంపకానికి నోచుకోలేదన్నది మనమెరిగిన చేదు నిజం. దక్కిన చోట సైతం ఎడ్లు ఎక్కడివి, విత్తనం ఎక్కడిది, కలుపు కాలంలో తోడు వచ్చే చేతులెవరివి అనే ప్రశ్నలకు దానపత్రంలో సమాధానం ఉండదు.

గ్రామదాన భావం అమెరికాలోని కొందరు ఆలోచనాపరులను ఆకర్షించింది. వారిలో రాల్ఫ్ బోర్సోడీ, రాబర్ట్ స్వాన్ ముఖ్యులు. జార్జియా రాష్ట్రంలోని నల్లజాతి నాయకులు స్లేటర్ కింగ్, చార్లెస్ షెరాడ్ ప్రభృతులతో కలిసి స్వాన్ 1968లో ఇజ్రాయెల్ వెళ్లి, అక్కడి ఉమ్మడి భూముల కౌలు పద్ధతులను పరిశీలించి వచ్చారు. 1969లో 'న్యూ కమ్యూనిటీస్' అనే సంస్థ వెలసింది. ఓటుహక్కు కోరినందుకు భూస్వాములు వెళ్లగొట్టిన కౌలు కుటుంబాలకు ఒక నిలువనీడ కల్పించాలన్నది దాని సంకల్పం. లీ కౌంటీలో సుమారు 5,700 ఎకరాలు కొన్నారు. ఆనాటికి ఆ దేశంలో నల్లవారి చేతిలో ఉన్న భూఖండాలలో అదే పెద్దది.

ఇట్టి సంస్థలను కమ్యూనిటీ లాండ్ ట్రస్టులని పిలుస్తారు. భూమి శాశ్వతంగా ట్రస్టు పేరుననే ఉంటుంది. దానిపై ఇల్లు కట్టుకున్నవారికి, పొలం దున్నుకున్నవారికి దీర్ఘకాలపు కౌలు ఉంటుంది. సాధారణంగా అది 99 సంవత్సరాలు. ఇల్లు వారి సొంతం, నేల మాత్రం కాదు. ఇల్లు అమ్ముకొని వెళ్లదలిస్తే, తరువాతివారికి కూడా అందుబాటులో ఉండే ధరకే అమ్మాలి. వక్ఫు భూములను, దేవాలయ మాన్యాలను ఎరిగిన మనకు అమ్మరాని నేల అనే ఊహ కొత్తదేమీ కాదు. అట్టి నేల కాగితాలపై క్షేమంగా ఉంటూనే కళ్లెదుట పాడైపోవడమూ మనకు కొత్త కాదు.

జార్జియా నైరుతి ప్రాంతం వేరుశనగ సీమ. మన రాయలసీమ రైతు అక్కడికి వెళితే పైరును దూరం నుండే గుర్తుపడతాడు. ఏప్రిల్, మే నెలలలో విత్తుతారు. సెప్టెంబరు, అక్టోబరులలో పెరికి, కాయలు పైకి వచ్చేటట్లు తిరగవేసి ఆరబెడతారు. న్యూ కమ్యూనిటీస్ వారు వేరుశనగతో పాటు మొక్కజొన్న, సోయా, పుచ్చ పండించారు. మస్కడైన్ అనే స్థానిక ద్రాక్షను పెంచారు. రహదారి ప్రక్కన అంగడి పెట్టి అమ్మారు. ప్రభుత్వ సహాయానికి రాష్ట్ర గవర్నరు అడ్డుపడినందున భూమిని అప్పుతో కొనవలసి వచ్చింది. ఆ అప్పు తీరడానికి పంట ఒక్కటే ఆధారం. అందుచేత వారు తలచిన ఇళ్ల కాలనీ రూపుదాల్చనే లేదు. ప్రతి ఋతువూ పొలం పనికే సరిపోయింది. కరువు వచ్చినప్పుడు ప్రభుత్వ వ్యవసాయ ఋణసంస్థ అత్యవసర ఋణాన్ని సకాలంలో ఇవ్వలేదు. 1985లో భూమి చేజారింది.

కథ అక్కడితో ఆగలేదు. జాతి వివక్షపై నల్లజాతి రైతులు వేసిన దావాలో 1999లో రాజీ కుదిరింది. దాని ననుసరించి 2009లో ఈ సంస్థకు సుమారు కోటి ఇరవై లక్షల డాలర్ల పరిహారం లభించింది. 2011లో వారు మరొక 1,638 ఎకరాలు కొన్నారు. ఒకప్పుడు బానిసల చేత సాగు చేయించిన ఎస్టేటు అది! నేడు దాని పేరు రెసోరా. అక్కడ పెకాన్ తోటలున్నవి. పెకాన్ కాయ శరత్కాలంలో నేల రాలుతుంది. రాలిన వెంటనే ఏరకపోతే అడవి జంతువులకో, తేమకో అర్పణం కావలసిందే. 24 సంవత్సరాలు న్యాయం కొరకు వేచి ఉండగలిగిన మనుషులు సైతం కాయను కొన్ని వారాలు వేచి ఉండమనలేరు.

పట్టణపు నేలలో కూడా ఇదే నీతి వర్తిస్తుంది. బోస్టన్ నగరంలో డడ్లీ వీధి పరిసరాలు ఒకప్పుడు తగులబడిన ఇళ్లకు, చెత్తకుప్పలకు నిలయం. 1984లో అక్కడి నివాసులు ఒక సంఘంగా ఏర్పడి, మొదట చెత్త పోయవద్దని ఉద్యమించారు, స్థలాలు శుభ్రం చేసుకున్నారు. 1988లో పాడుపడిన ప్రైవేటు స్థలాలను సేకరించే అధికారాన్నే నగరపాలక సంస్థ నుండి సాధించి, వాటిని తమ ట్రస్టు క్రిందకు తెచ్చుకున్నారు. నేడు అక్కడ ఇళ్లు, ఆటస్థలాలు, ఒక హరితగృహం ఉన్నవి. ఆ పేటలో కూరగాయల సాగుకు నేలలోని సీసం పెద్ద అడ్డంకి అయినది. కంపోస్టు ఎరువును మందంగా పరచి, ఏటేటా నేలను మెరుగుపరచుకోవలసి వచ్చింది. ఒక ఆదివారపు సేవతో తీరే పని కాదది.

అక్కడ సాగు నిర్వహించే 'ఫుడ్ ప్రాజెక్టు' పద్ధతిలో ఒక విశేషం నాకు మిక్కిలి నచ్చింది. వేసవి పంటకాలంలో నిత్యం పనిచేసే యువకులకు వేతనం ఇస్తారు. వసంతంలోను, శరత్తులోను ఒక పూట వచ్చి సాయపడే స్వచ్ఛంద సేవకులు వేరు. ఈ భేదాన్ని మనవారు తరచుగా విస్మరిస్తారు. కూలివాని నోటికాడి పనిని విద్యార్థి ఉచితంగా చేసిపెడితే అది సేవ అనిపించుకోదు. వరి నాట్లలో నాలుగు గంటలు దిగి, పత్రికలో పేరు వేయించుకొని, నాటు వేసే స్త్రీకి ఆ పూట కూలి లేకుండా చేయడంలో ఏ పుణ్యమూ లేదు. కౌలు రైతు సొంత పంటకు కూలి చెల్లించవలసిందే. అందరికీ చెందిన దారి, గట్టు, నీడచెట్టు, ఎరువు గుంత, వాన కాలువ ఇవి మాత్రం ఎవరి జీతపు పని కిందికీ రావు. కనుకనే అవి పాడవుతాయి. స్వచ్ఛంద సేవకుని చోటు అక్కడ.

ఇక మన కళాశాల మాట. 1969లో ప్రారంభమైన జాతీయ సేవాపథకం ప్రకారం ఒక యూనిట్లో నూరుగురు విద్యార్థులు, ఒక్కొక్కరు సంవత్సరానికి 120 గంటలు సేవ చేయాలి. అంటే పన్నెండు వేల గంటలు! అందులో నాలుగవ వంతు, మూడు వేల గంటలు, ఒకే ఉమ్మడి స్థలానికి కేటాయిస్తే వారానికి యాభై ఏడు గంటల పని జరుగుతుంది. పదిమంది విద్యార్థులు తలా ఆరు గంటల లోపు. దీనికి బదులు మనం ఏడు రోజుల శిబిరం పెట్టి, ఏడు రకాల పనులు ముట్టుకొని, ఏడింటినీ వదిలి వస్తున్నాము.

కళాశాల కమిటీవారికి నా మనవి ఇది. నడిచి చేరగల దూరంలో ఒక స్థలాన్ని ఎన్నుకోండి. అది చెరువు గట్టయినా, ఖబరస్తానయినా, పంచాయతీ ఉమ్మడి నేలయినా సరే. బాధ్యులైన వారి నుండి వ్రాతమూలకంగా అనుమతి తీసుకొని, కనీసం ఐదేళ్లకు దత్తత చేయండి. దాని పనిని పరీక్షల పట్టికను బట్టి గాక కార్తెలను బట్టి విభజించండి. రోహిణిలో గుంటలు, మృగశిర తొలకరికి నాటడం, ఆశ్లేష, మఖలలో కలుపు, దీపావళి దాటగానే పాదులు చేసి ఎండుటాకు కప్పడం, సంక్రాంతి తరువాత వారం వారం నీరు. సెలవులలో ఊళ్లోనే ఉండే విద్యార్థులు చాలకపోతే ఏప్రిల్, మే నెలలకు ఆ ఊరి మనిషినొకరిని న్యాయమైన కూలికి నియమించడానికి బడ్జెట్‌లో ఒక పద్దు చేర్చండి. పేర్ల పట్టికను ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను నోటీసు బోర్డుపై ఉంచండి. అందులో మొదటగా నింపవలసినది జూన్ గడి కాదు, మే నెలలో నీళ్లు పోసేవారి గడి.