ఎలుకకేం తెలుసు లంక పొగాకు రుచి?

మొన్న ఆదివారం ఏలూరు నుంచి ఆకివీడు వెళ్లాను. అక్కయ్య యింట్లో భోజనాలయ్యాక బావగారు వసారాలో పడక కుర్చీలో వాలి చుట్ట ముట్టించారు. కొల్లేటి గాలి ఆ పొగనంతా యింట్లోకే తోస్తోంది. తాడేపల్లిగూడెం నుంచి తల్లితో వచ్చిన మూడేళ్ల మనవరాలు ఆయన కుర్చీ కోడు పట్టుకుని ఆడుకుంటూ, మధ్య మధ్య దగ్గుతోంది.

చుట్ట మానమన్నాను. బావగారు అంత తేలిగ్గా లొంగే మనిషా!

"ఎలుకలకు పొగ పట్టించి మనిషికి జబ్బని తేలుస్తారటగా? ఎలుకకేం తెలుసోయ్ లంక పొగాకు రుచి!" అన్నారు.

హాస్యానికన్నా, ప్రశ్న మాత్రం అసలైనదే. ఆకులో నికోటిన్ ఎంత వుందో తేల్చడం పెద్ద పని కాదు. రాజమండ్రిలో 1947లో పెట్టిన పొగాకు పరిశోధన సంస్థ వంటి చోట్ల అది మామూలే. పొగ పీల్చిన ప్రాణి ఒంట్లోకి ఎంత దిగిందన్నదే చిక్కు.

ఎలుకను పొగగదిలో వదిలారనుకోండి. అది ముక్కుతోనే వూపిరి తీస్తుంది. పొగ ఘాటు తగిలితే వూపిరి బిగబడుతుంది. పైగా బొచ్చుకు అంటుకున్నదాన్ని నాకుతుంది. వూపిరితో పోయిందెంతో, పొట్టలోకి పోయిందెంతో ఎవరు చెప్పగలరు? అందుకని ఒక గొట్టంలో వుంచి, ముక్కు ఒక్కటే పొగలోకి వుండేలా చేస్తారు. అలా బంధిస్తే అది పడే హైరానా వల్ల లెక్కలు మళ్లీ తారుమారవుతాయి. అమెరికాలో కుక్కల గొంతుకు రంధ్రం చేసి సిగరెట్లు తాగించిన ప్రయోగం 1970లో బయటికి వచ్చింది. దాన్ని గురించి చదివిన పూట నాకు అన్నం సయించలేదు.

పోనీ, రక్తం తీసి చూద్దామా? మనిషి రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటలకు సగమవుతుంది. చిట్టెలుకలో కొద్ది నిమిషాలకే! కాస్త ఆలస్యంగా సూది గుచ్చితే ఏమీ దొరకదు. అయితే కాలేయం నికోటిన్‌లో చాలా భాగాన్ని కొటినిన్ అనే పదార్థంగా మారుస్తుంది. మనిషిలో అది సగమవడానికి 16 గంటల దాకా పడుతుంది. అందుకే రక్తంలోనూ మూత్రంలోనూ దాన్ని కొలుస్తారు. ఏ ప్రాణిలో ఎంతసేపు నిలుస్తుందో అదీ లెక్కలో వేసుకుంటారు. ఎన్ని సిగరెట్లు కాల్చారన్నదానికన్నా యిది నమ్మదగిన సాక్ష్యం.

"నేను పొగ మింగను కదా!" అన్నారు బావగారు.

మింగనక్కర్లేదు. చుట్టపొగకు క్షారగుణం ఎక్కువ. బుగ్గ లోపలి పొరలోంచే నికోటిన్ రక్తంలో కలుస్తుంది. జంగారెడ్డిగూడెం వైపు పండే వర్జీనియా ఆకు పొగకైతే వూపిరితిత్తుల దాకా పోవలసిన పని. నికోటిన్ మనిషిని చుట్టకు కట్టేస్తుంది. కాన్సరు తెచ్చేవి ముఖ్యంగా పొగలోని తక్కిన విషాలు. దానికి ఎలుక సాక్ష్యం కూడా అక్కర్లేదు. కోస్తా ఆంధ్రలో అడ్డపొగ తాగేవారికి అంగిట్లో వచ్చే కాన్సరు గురించి డి.జి.రెడ్డి, వి.కె.రావు గార్లు 1957లోనే రాశారు.

"నేను అడ్డపొగ తాగనుగా!"

"పిల్ల ఏ పొగా తాగదు. అయినా పొగ తాగే యింట్లో పసివాళ్ల ఒంట్లో కొటినిన్ కనబడుతుంది, బావగారూ. సూది గుచ్చనక్కర్లేదు, కాస్త ఉమ్ము చాలు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మనవరాలు మళ్లీ దగ్గింది.

"దీని ఉమ్ములో యిప్పుడు వుంటుందంటావా?"

"వుంటుంది."

చుట్ట నలిపేసి లేచారు. వీధి గుమ్మం దాటి చెరువుగట్టు వైపు నడిచారు. అగ్గిపెట్టె మాత్రం చేతిలోనే వుంది.