క్రీడారంగమున ప్రాణరక్షణ

సంక్రాంతి వచ్చినదనిన గోదావరి మండలములలో ఊరూర కబడ్డీ పందెములు జరుగును. బహుమతులకును, పందిళ్లకును, దీపాలంకరణమునకును ధనమిచ్చు దాతలకు కొదువలేదు. ఆటగాడు కుప్పకూలినచో చేయవలసినదేమో ముందుగా యోచించు సంఘములు మాత్రము అరుదు.

2021 మార్చి 22వ తేదీన సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభవేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలి నూర్గురకు పైగా గాయపడిరి. ఆ యేడే జూన్ 12వ తేదీన కోపెన్‌హేగన్ నగరమున డెన్మార్కు ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ గుండె నిలిచి మైదానముననే ఒరిగెను. నేర్చిన చేతులును, గుండెకు విద్యుద్ఘాతమిచ్చు యంత్రమును చేరువనుండుటచే అతడు బ్రతికి, మరుసటి యేడు తిరిగి ఆడెను.

గుండె నిలిచిన పిమ్మట చికిత్స లేక గడచు ప్రతి నిమిషమునకును బ్రతుకునాశ నూటికి 7 మొదలు 10 పాళ్లు తగ్గునని వైద్యులు చెప్పుదురు. 2005 నుండి 108 వాహనము మనకు కలదు. అయినను కాలువగట్ల దారిని లంకగ్రామమునకు అది రెండు మూడు నిమిషములలో రాజాలదు. ఆ నిమిషముల భారము ఊరివారిదే.

కావున నిమిషమునకు 100 మొదలు 120 మారులు ఛాతీని నొక్కనేర్చిన యువకులు బరియొద్ద నుండవలెను. వాహనమునకు దారి విడువవలెను. ఇంజనీరు పరీక్షింపని గ్యాలరీపైకి జనమును ఎక్కింపరాదు. యంత్రము ఒక యూరికి భారమైన నాలుగూళ్లు కలిసి కొనవచ్చును.

దాతలకు మా మనవి యొక్కటే: గెలిచినవానికిచ్చు ధనములో కొంత, పడినవానికొరకు ప్రత్యేకింపుడు. బిడ్డలను బరికి పంపిన తల్లిదండ్రులకు మనము చెల్లింపవలసిన మొదటి ఋణమదియే.